బీఎన్‌డీఎక్స్, ఈఎంబీ, ఈఎంఎల్‌సీ: అమెరికాలో ఉన్నవాళ్లు బయటి దేశాల బాండ్ ఫండ్ ఏది తీసుకోవాలి?

ఫ్రిస్కో_తెనాలి అడిగారు:

అందరికీ నమస్తే. టెక్సాస్‌లో ఉంటున్నాం, నాకు 43. ఇన్నాళ్లూ మిగిలిన డబ్బంతా ఎస్ అండ్ పీ 500 (అమెరికా పెద్ద కంపెనీల షేర్లు) ఫండ్‌లోనే వేసుకుంటూ వచ్చాను, ఇప్పుడు అందులోంచి ఇరవై శాతం బాండ్లలోకి మార్చాలని ఉంది. పాప కాలేజీ ఇంకో ఆరేళ్లలో మొదలవుతుంది, దాని ఖర్చు ఇందులోంచే రావాలి. మిగతాది 55 దాటాక ఇండియా వెళ్లిపోతే అక్కడికి, వెళ్లకపోతే ఇక్కడికి, ఇంకా తేల్చుకోలేదు.

అమెరికా బాండ్లు ఒక్కటే పెట్టుకుంటే చాలదు, బయటి దేశాలవి కూడా ఉండాలని ఆఫీసులో ఒకాయన గట్టిగా చెబుతున్నాడు. సరే అని చూస్తే మూడు పేర్లు తేలాయి. వాన్‌గార్డ్ వాళ్ల బీఎన్‌డీఎక్స్, ఖర్చు 0.07 శాతం. ఐషేర్స్ వాళ్ల ఈఎంబీ, ఖర్చు 0.39. వాన్‌ఎక్ వాళ్ల ఈఎంఎల్‌సీ, ఖర్చు 0.30 చుట్టూ. చూపించే రాబడి బీఎన్‌డీఎక్స్‌లో తక్కువ, మిగతా రెండింటిలో ఎక్కువ, పైగా 2025లో ఈఎంఎల్‌సీ బాగా పెరిగింది. అన్నీ బయటి దేశాల బాండ్లే అయినప్పుడు ఎక్కువ వడ్డీ వచ్చేది తీసుకుంటే సరిపోదా? ఖర్చులో తేడా పావు శాతమో మూడో వంతు శాతమో, వడ్డీలో తేడా అంతకన్నా ఎక్కువ కనిపిస్తోంది.

ఇంకో సంగతి, ఇండియాలో ఎన్ఆర్ఈ ఎఫ్‌డీలు (ఎన్ఆర్ఐలు రూపాయల్లో వేసుకునే డిపాజిట్లు) కొన్ని ఉన్నాయి, మామగారు వాటినే పెంచమంటున్నారు. వాటికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా, వేరుగా చూడాలా?

---

వడ్డీ_లెక్క రాశారు:

మీ ఆఖరి ప్రశ్న దగ్గర్నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. సంబంధం ఉంది, చాలా ఉంది. మీ ఎన్ఆర్ఈ ఎఫ్‌డీ రూపాయల్లో ఉంటుంది, వడ్డీ ఏడు శాతం అంటారు, కానీ రూపాయి పడితే ఆ నష్టం మీది. 2014 మొదట్లో డాలర్‌కి 62 రూపాయల చుట్టూ ఉండేది, 2024 మొదటికి 83 అయ్యింది. అంటే ఏడాదికి దాదాపు మూడు శాతం కరెన్సీలోనే పోయింది. ఏడు శాతం ఎఫ్‌డీ డాలర్లలో చూసుకుంటే నాలుగు. దాని మీద ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికాలో ఉంది, అదీ వడ్డీ మొత్తం మీద. ఇప్పుడు ఈఎంఎల్‌సీ ఏమిటంటే అచ్చంగా ఇదే రకం పని, బ్యాంకు బదులు ప్రభుత్వాలు, రూపాయి బదులు బ్రెజిల్ రియాల్, మెక్సికో పెసో, దక్షిణాఫ్రికా ర్యాండ్, ఇండోనేషియా రూపియా వగైరా. ఆ దేశం తన సొంత డబ్బులో అప్పు చేసింది, మీరు ఆ డబ్బులో అప్పిచ్చారు, ఆ డబ్బు విలువ పడితే మీరే భరించాలి.

ఈఎంబీ అలా కాదు. అక్కడ ఆ దేశాలు డాలర్లలో అప్పు తీసుకుంటాయి, డాలర్లలోనే తిరిగి కట్టాలి. మన లెక్కలో ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్ (ఇండియా బ్యాంకులో డాలర్లలోనే ఉంచుకునేది) లాంటిది అనుకోండి. కరెన్సీ గొడవ మీకు లేదు, కానీ ఆ దేశం దగ్గర డాలర్లు లేకపోతే మొత్తానికే కట్టదు. 2020 నుంచి ఎన్ని దేశాలు చేతులెత్తేశాయో చూడండి: లెబనాన్, అర్జెంటీనా, ఈక్వడార్, జాంబియా, 2022 ఏప్రిల్‌లో శ్రీలంక, ఆ ఏడాది డిసెంబర్‌లో ఘనా. రష్యా బాండ్లనైతే 2022 మార్చి ఆఖరుతో జేపీ మోర్గాన్ బ్యాంకు తన సూచీల (ఇలాంటి ఫండ్లు ఏ బాండ్లు కొనాలో చెప్పే జాబితాల) నుంచే తీసేసింది, అవి ఉన్న ఫండ్లు వాటి విలువని దాదాపు సున్నా కింద రాసుకున్నాయి.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూడండి, ఎందుకంటే ఎక్కువ వడ్డీ అనే మాట ఎక్కడి నుంచి వస్తుందో దీనిలో తెలుస్తుంది. 2017 జూన్‌లో అర్జెంటీనా నూరేళ్ల బాండ్ అమ్మింది. 275 కోట్ల డాలర్లు, వడ్డీ 7.125 శాతం, అసలు తిరిగొచ్చేది 2117లో. అంతకు ముందు సంవత్సరమే పాత బాకీల గొడవ తేల్చుకుని బయటపడిన దేశం అది. అయినా ఎగబడి కొన్నారు, ఎందుకంటే ప్రపంచంలో ఎక్కడా వడ్డీ రావట్లేదు. మూడేళ్లు తిరగకుండానే, 2020 మేలో, వడ్డీ ఎగ్గొట్టింది. కొన్నవాళ్లకి చివరికి వేరే బాండ్లు అంటగట్టారు. ఆ 7.125లో పెద్ద భాగం వడ్డీ కాదు, ఎగ్గొట్టే అవకాశానికి ముందుగా ఇచ్చిన పరిహారం. మీ స్క్రీన్ మీద ఈఎంబీ పక్కన కనిపిస్తున్న ఆ అదనపు శాతం కూడా అదే బాపతు. దాన్ని వడ్డీ కింద ఖర్చుపెట్టేసుకుంటే అసలు కరుగుతూ వస్తుంది. 2012 ఆఖర్లో ఈఎంబీ ఒక యూనిట్ ధర 120 డాలర్ల పైన ఉండేది, 2024 ఆఖరికి 90 దగ్గర. మధ్యలో నెలనెలా డబ్బులు వచ్చాయి నిజమే, కానీ ఆ ధర చూడకుండా వడ్డీ ఒక్కటే చూస్తే సగం లెక్కే చూసినట్టు.

ఇక బీఎన్‌డీఎక్స్ పూర్తిగా వేరే జాతి. జపాన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, బ్రిటన్, కెనడా, ఇలా డబ్బున్న దేశాలవే ఎక్కువ, పైగా కరెన్సీ రిస్కుని డాలర్‌కి హెడ్జ్ చేసేస్తారు, అంటే మారకం రేటుని ముందే ఒప్పందాలతో కట్టేసుకుంటారు. యెన్ పడినా లేచినా మీకు పట్టదు. కాబట్టి అది ఒకరకంగా మీ అమెరికా బాండ్ ఫండ్‌కి తోబుట్టువు. 2022లో అమెరికా మొత్తం బాండ్ల సూచీ 13 శాతం పడింది, బీఎన్‌డీఎక్స్ కూడా దాదాపు అంతే పడింది. ఈఎంబీ దాదాపు 18 పడింది.

నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది ఒకటే. బాండ్ ఎందుకు కొంటున్నామో ముందు తేల్చుకోండి. స్టాకులు పడ్డప్పుడు నిలబడాలని కొంటుంటే ఈఎంబీ ఆ పని చెయ్యదు. 2008లో ఎస్ అండ్ పీ 37 శాతం పడితే అమెరికా బాండ్ల సూచీ 5 శాతం పెరిగింది, అదే ఏడాది ఎమర్జింగ్ (ఇంకా ఎదుగుతున్న) దేశాల డాలర్ బాండ్ల సూచీ 12 శాతం పడింది. 2020 మార్చిలో నాలుగు వారాల్లోనే ఈఎంబీ 20 శాతానికి పైగా జారిపోయింది, అదీ సరిగ్గా స్టాకులు కూలుతున్న రోజుల్లోనే. తర్వాత కోలుకుంది, కాదనను, కానీ ఆ వారంలో ఉద్యోగం పోయి డబ్బు తియ్యాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

---

సన్నీవేల్_సుధ రాశారు:

పైన వడ్డీ_లెక్క గారు చెప్పిన దానికి కలుపుతున్నాను, హెడ్జింగ్ దగ్గర చాలామంది తికమక పడతారు కాబట్టి.

జర్మనీ పదేళ్ల బాండ్ 2.6 శాతం ఇస్తుంటే నా అమెరికా ట్రెజరీ (ఇక్కడి ప్రభుత్వ బాండ్) 4.3 ఇస్తోంది కదా, అది ఎందుకు కొనాలి అని అడుగుతారు. ఇది 2025 మధ్యలో ఉన్న రేట్లతో చెబుతున్నాను. హెడ్జ్ చేసేటప్పుడు రెండు దేశాల స్వల్పకాలిక వడ్డీ రేట్ల తేడా మన చేతికొస్తుంది. యూరోలో రెండు శాతం, ఇక్కడ 4.3 ఉంటే ఆ 2.3 మనకి కలుస్తుంది. 2.6, 2.3 కలిపితే 4.9. జపాన్ బాండ్ ఇచ్చేది 1.5 అయినా అక్కడి స్వల్పకాలిక రేటు అర శాతమే కాబట్టి హెడ్జ్‌లో 3.8 కలిసి ఐదు దాటుతుంది. అంటే బీఎన్‌డీఎక్స్‌లో రాబడి తక్కువ అని మీకు అనిపించేది కొంతవరకు చూపించే పద్ధతి వల్ల. ఎస్ఈసీ (అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ) యీల్డ్ అని చూపించే రాబడి అంకెలో ఈ హెడ్జ్ డబ్బు కలవదు. అందుకే అది ఎప్పుడూ తక్కువగా కనిపిస్తుంది. ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) రేట్లు తగ్గించుకుంటూ పోతే ఈ లాభం కూడా తగ్గుతుంది, అది మనసులో పెట్టుకోండి, ఇది శాశ్వతంగా వచ్చేది కాదు.

హెడ్జ్ లేని ఫండ్లు కూడా ఉన్నాయి, బీడబ్ల్యూఎక్స్ అలాంటిదే, ఖర్చు 0.35. దాంట్లో యెన్, యూరో ఎటు ఊగితే మీ డబ్బు అటు ఊగుతుంది. బాండ్ వడ్డీ మూడు శాతం, కరెన్సీ ఊపు పది శాతం అయితే అది బాండ్ ఫండా కరెన్సీ ఫండా మీరే చెప్పండి. నాకైతే దాని అవసరం కనిపించదు.

పన్నుల మాట. ఈ మూడు ఫండ్ల నుంచి వచ్చేదీ మామూలు ఆదాయం కిందే పడుతుంది, క్వాలిఫైడ్ డివిడెండ్ అనే తక్కువ పన్ను రేటు రాదు. హెడ్జ్ లాభాలు కూడా ఒక్కో ఏడాది డిసెంబర్‌లో పెద్ద మొత్తంలో పంచేస్తారు, దాని మీదా మామూలు రేటే. అందుకని కుదిరితే 401కె లేదా ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాల లోపల పెట్టుకోవడం మేలు. మా కాలిఫోర్నియాలో ఇంకో లెక్క ఉంది, ట్రెజరీ వడ్డీ మీద స్టేట్ టాక్స్ ఉండదు, వీటి మీద ఉంటుంది. మీది టెక్సాస్ కాబట్టి ఆ బాధ లేదు.

అన్నట్టు మీ 401కె లో ఏముంది? వాన్‌గార్డ్ టార్గెట్ రిటైర్మెంట్ ఫండ్ అయితే అందులోని బాండ్ల భాగంలో దాదాపు 30 శాతం ఈ హెడ్జ్ చేసిన బయటి దేశాల బాండ్లే. తెలియకుండా ఇప్పటికే మీ దగ్గర ఉండొచ్చు.

---

ఓరుగల్లు_91 రాశారు:

నేను కొంచెం వేరేగా ఆలోచిస్తాను అన్నా. పై ఇద్దరూ చెప్పింది తప్పు కాదు, కానీ ఎమర్జింగ్ అంటే అర్జెంటీనా, శ్రీలంక మాత్రమే అన్నట్టు అయిపోయింది. ఈఎంబీలో సౌదీ, పోలండ్, ఫిలిప్పీన్స్, మెక్సికో కూడా ఉన్నాయి, దాదాపు సగం ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్, అంటే అప్పు కడతారని మంచి రేటింగ్ ఉన్నవి. ఏ ఒక్క దేశానికీ పెద్ద వాటా ఉండదు. శ్రీలంక ఎగ్గొట్టినప్పుడు ఫండ్ మొత్తానికి తగిలిన దెబ్బ చిన్నది. 2022లో పడింది అప్పులు ఎగ్గొట్టడం వల్ల కన్నా అమెరికాలో రేట్లు పెరగడం వల్లే ఎక్కువ, ఎందుకంటే అందులోవి ఎక్కువ ఏళ్ల గడువున్న బాండ్లు, రేట్లు పెరిగితే వాటి ధరే ఎక్కువ పడుతుంది.

ఇంకా, లోకల్ కరెన్సీ ఫండ్‌ని పూర్తిగా కొట్టిపారేయకండి. 2022లో లోకల్ కరెన్సీ సూచీ 12 శాతం చుట్టూ పడింది, డాలర్ బాండ్ల కన్నా తక్కువే. బ్రెజిల్ లాంటి దేశాలు ఫెడ్ కన్నా ఏడాది ముందే రేట్లు పెంచేశాయి. మన దేశం సంగతి కూడా ఇక్కడే వస్తుంది. భారత ప్రభుత్వం నేరుగా డాలర్లలో సావరిన్ బాండ్లు అమ్మదు, 2019 బడ్జెట్‌లో ఆ మాట ఎత్తి తర్వాత పక్కన పెట్టేశారు. కాబట్టి ఈఎంబీ కొంటే ఇండియా సర్కారు బాండ్ మీకు రాదు. అది లోకల్ కరెన్సీ వైపే. 2020లో ఆర్‌బీఐ కొన్ని ప్రభుత్వ బాండ్లని విదేశీయులు పరిమితి లేకుండా కొనేలా తెరిచింది, 2023 సెప్టెంబర్‌లో జేపీ మోర్గాన్ ఇండియాని తన ఎమర్జింగ్ లోకల్ కరెన్సీ సూచీలో చేరుస్తామని ప్రకటించింది, 2024 జూన్ 28 నుంచి నెలకి ఒక శాతం చొప్పున పెంచుతూ 2025 మార్చికి పది శాతానికి తెచ్చింది. ఇది నాకు నిజంగా సంతోషం కలిగించిన విషయం. మన ఊళ్ల రోడ్లకీ ప్రాజెక్టులకీ కేంద్రం చేసే అప్పుని లండన్‌లో పెన్షన్ ఫండ్ కూడా తీసుకుంటోందంటే మన బాండ్ మార్కెట్ ఎదిగినట్టే.

మీరు 55 దాటాక ఇండియా వెళ్లే ఆలోచన ఉంటే రూపాయల్లో కొంత ఉండటం రిస్కు కాదు, రిస్కు తగ్గించుకోవడమే. ఖర్చు రూపాయల్లో కదా.

---

వడ్డీ_లెక్క రాశారు:

తమ్ముడూ, ఆ చివరి మాటతో నేను ఏకీభవిస్తాను, కానీ దానికి ఈఎంఎల్‌సీ జవాబు కాదు. ఖర్చు రూపాయల్లో ఉంటే రూపాయలు కావాలి, టర్కీ లిరా ఎందుకు? 2021 ఒక్క ఏడాదిలో లిరా డాలర్ మీద 44 శాతం పడింది. అక్కడ బాండ్లు 18, 20 శాతం వడ్డీ ఇస్తుండేవి, ఆ వడ్డీ ఏ మూలకి? ఇండియా వెళ్లేవాడికి కావాల్సిన రూపాయి భాగం ఆయన ఎన్ఆర్ఈ ఎఫ్‌డీల్లో ఇప్పటికే ఉంది. దాని మీద లిరా, ర్యాండ్ కూడా పేర్చుకుంటే పాపకి టెక్సాస్ కాలేజీ ఫీజు డాలర్లలో కట్టాల్సినప్పుడు ఇబ్బంది పడతారు.

ఎన్ఆర్ఈ వద్దు, అక్కడి డెట్ మ్యూచువల్ ఫండ్ కొంటానని ఎవరైనా అనుకుంటుంటే ఒక్క నిమిషం ఆగండి. అమెరికాలో పన్ను కట్టేవాళ్లకి ఇండియా మ్యూచువల్ ఫండ్లు పీఎఫ్ఐసీ (విదేశీ పెట్టుబడి కంపెనీ) కిందకి వస్తాయి, ప్రతి ఫండ్‌కీ 8621 ఫారం, పన్ను లెక్క చాలా కఠినం. దాని జోలికి వెళ్లకండి. ఎఫ్‌డీలకి ఆ గొడవ లేదు, కాకపోతే బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా పదివేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (ఆ ఖాతాల వివరాల ఫారం) వెయ్యాలి, అది మీకు తెలిసే ఉంటుంది.

---

మియాపూర్_మెట్రో రాశారు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను హైదరాబాద్‌లోనే ఉంటాను, అమెరికా బ్రోకర్ యాప్‌లో బీఎన్‌డీఎక్స్ కనిపిస్తోంది. ఇండియాలో ఉండేవాళ్లకి ఇది పనికొస్తుందా? ఇక్కడ డెట్ ఫండ్లకి 2023 ఏప్రిల్ నుంచి స్లాబ్ ప్రకారమే పన్ను, అందుకని బయట చూస్తున్నాను.

---

సన్నీవేల్_సుధ రాశారు:

అందులో హెడ్జ్ డాలర్‌కి చేస్తారండీ, రూపాయికి కాదు. అంటే మీరు కొనేది దాదాపుగా డాలర్ డిపాజిట్ లాంటిది, అంతే. రూపాయి పడితే మీకు లాభం, నిలబడితే ఇండియాలో వచ్చే వడ్డీ కన్నా తక్కువే. డబ్బు ఎల్ఆర్ఎస్ (బయటికి డబ్బు పంపే ఆర్‌బీఐ పద్ధతి) కింద పంపాలి, ఏడాదికి పది లక్షలు దాటితే 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు గానీ అప్పటిదాకా ఇరుక్కుంటుంది. ఫండ్ ఇచ్చే డివిడెండ్‌లో 25 శాతం అమెరికా ముందే కోస్తుంది. ఇంకా ముఖ్యం, అమెరికాలో ఉండని విదేశీయుల ఆస్తి అక్కడ 60 వేల డాలర్లు దాటి ఉండగా చనిపోతే ఎస్టేట్ టాక్స్ వస్తుంది, ఇండియాతో దాని మీద ఒప్పందం లేదు. పిల్లల్ని అమెరికాకి చదువుకి పంపాలనుకుని డాలర్లు కూడబెట్టేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఇంత తతంగం అక్కర్లేదని నా అభిప్రాయం.

---

ఫ్రిస్కో_తెనాలి రాశారు:

చాలా థాంక్స్ అందరికీ, ఎన్ఆర్ఈ ఎఫ్‌డీని ఈ లెక్కలో పెట్టి ఎవరూ నాకు ఇంతవరకు చెప్పలేదు. 401కె చూశాను, సుధ గారు చెప్పినట్టే టార్గెట్ ఫండ్ లోపల బయటి దేశాల బాండ్లు ఉన్నాయి.

అయితే నాకు అర్థమైంది ఇది, సరిగ్గా ఉందో లేదో చెప్పండి. పాప కాలేజీ డబ్బు వేరుగా తీసి, ఈ మూడింటిలో దేంట్లోనూ పెట్టకుండా అమెరికా ట్రెజరీల్లో. మిగతా బాండ్ల భాగం అమెరికా మొత్తం బాండ్ ఫండ్, దాంతో బీఎన్‌డీఎక్స్ కొంత. ఈఎంబీ కావాలనుకుంటే బాండ్ల వాటాలోంచి కాకుండా స్టాకుల వాటాలోంచి, అదీ ఐదు శాతం లోపు. ఈఎంఎల్‌సీ వద్దు, రూపాయల భాగం ఎఫ్‌డీల్లోనే ఉంది. మామగారికి కూడా ఇక పెంచను అని చెప్పేస్తాను.

---

వడ్డీ_లెక్క రాశారు:

సరిగ్గా ఉంది. కాలేజీ డబ్బుకి మాత్రం ఫండ్ కాకుండా విడి ట్రెజరీలు కొనండి, మొదటి ఏడాది ఫీజుకి ఆరేళ్లకి గడువు తీరేది ఒకటి, తర్వాతి ఏడాదికి ఏడేళ్లది, అలా నాలుగు. బీఎన్‌డీఎక్స్ సగటు డ్యురేషన్ (రేట్లు మారితే ధర ఎంత ఊగుతుందో చెప్పే కొలత) ఏడేళ్ల చుట్టూ ఉంటుంది, మీరు ఫీజు కట్టే సంవత్సరం 2022 లాంటిది అయితే అది 13 శాతం కింద ఉన్నప్పుడు అమ్ముకోవాల్సి వస్తుంది. విడి ట్రెజరీ అయితే మధ్యలో ధర ఎలా ఊగినా గడువు రోజుకి పూర్తి డబ్బు చేతికొస్తుంది. కొనేముందు గడువు తేదీలు ఆగస్టు ఫీజుకి ముందు పడేలా చూసుకోండి, మే 15వి, జూలై 31వి దొరుకుతాయి.

---

ఓరుగల్లు_91 రాశారు:

ఈఎంబీ కొంటే ఐఆర్ఏలో కొనండి అన్నా, నెలనెలా వచ్చేదాని మీద మీ బ్రాకెట్‌లో పన్ను కడితే ఆ అదనపు వడ్డీలో పెద్దగా మిగలదు. రాత్ ఐఆర్ఏ (పన్ను కట్టేసిన డబ్బు వేసే రకం) అయితే మాత్రం ఇండియా వెళ్లాక అక్కడ పన్ను ఎలా చూస్తారో ఒక సీఏని ముందే అడిగి పెట్టుకోండి.